మా బావ పొడి పంతం, నా సబ్బునీళ్ళు

బండ్ల మీద అతికించే స్టిక్కర్‌ను మా వైపు రేడియం అంటారు. చీకట్లో మెరిసేది నూటికో కోటికో ఒకటి, మిగతాదంతా మామూలు వినైల్ షీటే. అయినా సికింద్రాబాద్‌లో ఎవరినైనా పట్టుకుని "వినైల్ ఎక్కడ అతికిస్తారు?" అని అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోతారు. "రేడియం ఎక్కడ ఏస్తరు?" అంటే మాత్రం మోండా మార్కెట్ వెనక సందులో ఉన్న మా దుకాణం దాకా దగ్గరుండి దిగబెడతారు. దుకాణం మా బావది, అంటే మా అక్క మొగుడిది. నేను అందులో కంప్యూటర్ ముందు కూర్చుని, దానికి తగిలించిన మిషన్‌తో అక్షరాలు కోసేవాణ్ణి.

అంతకుముందు నేను బేగంపేటలో ఒక ఆఫీసులో టైపింగ్ చేసేవాణ్ణి. ఆ ఆఫీసు ఒక రోజు ఉన్నట్టుండి ఎత్తేశారు. వారం రోజులు ఇంట్లో కూర్చుని సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతుంటే బావ వచ్చి, "ఏం రా బామ్మర్ది, అక్షరాలు కొట్టుడు వస్తది గద? మా దగ్గర సుత అక్షరాలే. రా," అన్నాడు. వెళ్ళాను. మిషన్ మీద కోయడం నా పని, బండి మీద అతికించడం బావ పని. ఈ ఏర్పాటు కాగితం మీద రాసుకోకపోయినా కోర్టు తీర్పు కంటే గట్టిది.

రేడియం అతికించడానికి రెండు పద్ధతులున్నాయి, లోకంలో మనుషులు కూడా ఆ రెండు రకాలేనని నా అభిప్రాయం. మొదటిది పొడి పద్ధతి. రేకును శుభ్రంగా తుడిచి, కోసిన షీటును బండికి ఆనించి, దాని నడుము దగ్గర టేపుతో బిగించి, వెనక కాగితం సగం ఒలిచి, పట్టీతో గీసుకుంటూ పోవడమే. పట్టీ అంటే అంచుకు గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ ముక్క. జిగురు రేకును తాకిందంటే ఇక మాట్లాడేది లేదు. వంకరగా తాకితే వంకరగానే ఉంటుంది. పీకి మళ్ళీ అతికిద్దామంటే సాగుతుంది, లేకపోతే చిరుగుతుంది.

రెండోది తడి పద్ధతి. సీసాడు నీళ్ళలో కళ్ళు మండని చిన్నపిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేసి, రేకు మీదా జిగురు మీదా చిలకరిస్తే షీటు పెట్టిన చోట ఉండదు, జారుతుంది. అటు జరపవచ్చు, ఇటు జరపవచ్చు, ఒక కన్ను మూసి చూసి మళ్ళీ జరపవచ్చు. బాగా కుదిరాక పట్టీతో నీళ్ళు బయటికి నెట్టి, ఆరేదాకా ఓపిక పట్టి, అప్పుడు పైన అక్షరాలను పట్టి ఉంచే టేపు మెల్లగా ఒలుచుకోవాలి. నాకు బతుకంతా తప్పు దిద్దుకోవడానికే సరిపోయింది కాబట్టి సహజంగానే నేను తడి పక్షం. బావ లేనప్పుడు వచ్చే చిన్నాచితకా పనులు అలాగే చేసేవాణ్ణి.

బావకు సబ్బునీళ్ళ సీసా కనిపిస్తే చాలు, ఒంట్లో హుషారు పుట్టుకొచ్చేది. "ఏందిరా అది? తపాలా బిళ్ళనా తడిపి అతికిచ్చెతందుకు?" అనేవాడు. గిరాకీలు నిలబడి ఉంటే ఇంకా రెచ్చిపోయేవాడు. "మా బామ్మర్ది మూడు బండ్లు పట్టిండు సార్. ఒకటి అతికింది, ఒకటి ఆరుతుంది, ఇంకోటి ఈత గొడుతుంది." నిజం చెప్పాలంటే అందులో కొంత న్యాయం ఉంది. వానాకాలంలో నా పని ఆరేసరికి గిరాకీ రెండు చాయలు తాగి, మూడోది కూడా తాగి, నన్ను చూసి పళ్ళు నూరేవాడు. ఒకసారి తొందరపడి టేపు లాగితే సగం పేరు టేపుతో పాటు నా చేతికే వచ్చింది.

నేను మాత్రం ఊరుకుంటానా? "నీది చూడకుండ చేసుకున్న పెండ్లి బావా. తాకినంక తలరాత," అనేవాణ్ణి. ఒకసారి మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన అక్క ఈ మాట వింది. "నాకు సుత గట్లనే అతుక్కున్నడు రా. ఇప్పుడు పీకితే పెయింట్ సుత ఊడొస్తది," అంది గిన్నెలు తీస్తూ. బావ అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. పొలమారి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

బావాబావమరుదులమంటే అంతే కదా. ఒకరినొకరు అనుకోకపోతే ఇద్దరికీ అన్నం అరగదు. నేను ఒక మాట తక్కువ అంటే బావ నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమోనని చూసేవాడు.

ఇలా ఉండగా ఒక చలికాలంలో బావ చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట సాసర్‌లో చాయ కప్పు చప్పుడు చేసింది. చలి అనుకున్నాం. చలి పోయింది, చప్పుడు పోలేదు. అక్క బలవంతాన డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే, భయపడాల్సిన జబ్బేమీ కాదు, కొందరికి వయసుతో వచ్చే వణుకు, తగ్గేది మాత్రం కాదు, దాంతోనే సర్దుకుపోవాలి అన్నాడట. డాక్టర్లకేం, సర్దుకుపొమ్మని ఎన్నయినా చెబుతారు. వెంట్రుక వాసి తేడా వస్తే బతుకు వంకరపోయే పనిలో ఉన్నవాడికి ఆ మాట ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు.

ఆ ఎండాకాలం ఒక కుర్రాడు కొత్త కారు తెచ్చాడు. వెనక అద్దం మీద ఒకే వరుస. బావ ఎప్పటిలాగే పొడిగా వేశాడు. షీటు తాకబోయే క్షణంలో చెయ్యి ఒక్కసారి అదిరింది. వరుస ఎడమవైపు చిటికెన వేలంత పైకి పోయింది. ఆ అబ్బాయి అరిచినా బాగుండేది. మెత్తగా, "పర్వాలేదు అంకుల్, ఉండనీయండి," అన్నాడు. బావ ఉండనివ్వలేదు. గీకేసి, మళ్ళీ కోయించి, నన్ను అతికించమని లోపలికి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషి తన చేతిలోని పట్టీ ఇంకొకరికివ్వడం అదే మొదలు. నాకు పండగలా ఉండాలి కదా? దాని గుడ్డ అంచు సర్దే నెపంతో చాలాసేపు తల ఎత్తలేదు.

మర్నాడు అక్క దుకాణానికి వచ్చి, బావ చాయకు వెళ్ళింది చూసి నాతో చెప్పింది. "ఇంకొక్కటి గిట్ల వంకరవోతే ఇగ పట్టీ ముట్టనంటుండు రా. దుకాణం నువ్వు జూసుకోవాలెనట, ఆయన ఇంట్ల గూసుంటడట. గాయన ఇంట్ల గూసుంటే ఎట్ల బతుకుతడు? గోడలకు రేడియం ఏస్తడా? పదిరోజులల్ల మంచం బడ్తడు. ఏమన్న జెయ్యిరా." నవ్వించడానికే అంది గాని అక్క కళ్ళు నవ్వలేదు. బావ మాట అంటే మాటే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మూడు కాళ్ళనే కాదు, ఆ మూడు కాళ్ళ మీదే దాన్ని పరుగెత్తిస్తాడు కూడా.

ఆ రోజు నుంచి నేను చాలా మర్యాదస్తుణ్ణయిపోయాను. పొడి పద్ధతి మీద ఒక్క మాట అనలేదు. బావ చాయ ఒలికితే చూడనట్టు గుడ్డ తెచ్చి తుడిచేవాణ్ణి. చిన్న అక్షరాల పనులు వస్తే "మిషన్ ఖరాబైంది, రేపు రాండ్రి" అని చెప్పి, బావ లేని సమయానికి పిలిపించి నేనే అతికించేవాణ్ణి. ఎంత మంచివాణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

జూన్‌లో బడులు తెరిచే ముందు పద్మారావు నగర్ నుంచి ఒకావిడ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. డ్రైవింగ్ నేర్చుకుని, బడిపిల్లల్ని తీసుకెళ్ళడానికి పాత వ్యాన్ ఒకటి కొని పసుపు రంగు వేయించింది. సోమవారం నుంచి పిల్లల్ని ఎక్కించుకోవాలి. రెండు వైపులా "బడి పిల్లల బండి" అని నీలం అక్షరాలు, వాటి కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక నీలం గీత కావాలంది. "అన్నా, నువ్వే అతికియ్యాలె. మా గల్లీల బండ్లన్నీ నువ్వు జేసినయే," అని బావతో చెప్పింది. బావ మొహం విప్పారింది. నాకు మాత్రం ఆ గీత కావాలన్న మాటే వినబడుతోంది.

ఎందుకంటే అక్షరం కాస్త పక్కకు పోతే కంటికి ఆనదు, గీత అలా కాదు. వ్యాన్ రేకు మీద కంపెనీవాడు నొక్కిన మడత ఒకటి ఉంటుంది. దాని పక్కనే మన గీత పోవాలి. ఒక చివర గింజంత తేడా వచ్చినా రెండో చివరికి అది జానెడై ఊరంతటికీ కనిపిస్తుంది. ఆరడుగుల పొడవు. పైగా అది ఆదివారం పని. ఆ నీలం రోల్ సరిగ్గా రెండు వైపులకు సరిపడా మాత్రమే మిగిలింది, కొత్తది అమ్మే దుకాణాలు ఆ రోజు మూత. ఇవన్నీ చాలవన్నట్టు ఆవిడ అత్తగారు ముహూర్తం పెట్టించింది. తొమ్మిదీ పదికి మొదలు, తొమ్మిదీ పాతికకు ముగింపు. అక్షరాలు బండిని తాకడం ఆ పదిహేను నిమిషాల్లోనే జరగాలట.

శనివారం సాయంత్రం షీట్లు కోస్తూ మెల్లగా అన్నాను. "బావా, ఈ రోల్ జిగురు జెర ఎక్కువుంది. డీలర్ తడిగ ఏస్తేనే మంచిదన్నడు." డీలర్ ఏమీ అనలేదు. డీలర్‌తో నేను మాట్లాడనే లేదు. బావ షీటు మూల వేలితో తాకి చూసి, "మంచిగనే ఉంది," అని పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఏదో ఒక మాట అంటాడని ఎదురుచూశాను. ఈతగాడా అంటాడని, తపాలా బంట్రోతు అంటాడని. ఏమీ అనలేదు. అప్పుడు కూడా నా మట్టిబుర్రకు ఏమీ తట్టలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకే వ్యాన్ వచ్చి సందులో నీడ పట్టున ఆగింది. నడిపింది కోడలే. పక్క సీటులోంచి పూజ పళ్ళెం పట్టుకుని అత్తగారు దిగింది. డెబ్భై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం ఇరవై ఏళ్ళ కండక్టర్‌ది. దిగీ దిగగానే చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద బొట్లు, అద్దానికి పూలదండ, అన్నీ ఆవిడే చేసింది. బావ ఇటువైపు రేకును థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరాక పొడి గుడ్డతో మళ్ళీ తుడిచి, వేలితో రాసి చూసుకున్నాడు. నేను అంతకు ముందే కడిగే నెపంతో ఆ రేకును రెండుసార్లు తడిపి వదిలేశాను. రెండుసార్లూ బావ తుడిచేశాడు.

తొమ్మిదీ అయిదుకు షీటును రేకుకు ఆనించి నడుము దగ్గర టేపు బిగించాడు. ఇంత పొడుగు షీటుకు రెండో కొస పట్టుకునే పని ఎప్పుడూ నాదే. కొలిచేటప్పుడు బావ చేతిలో టేపు చిటచిట కొట్టుకుంటుంటే నేను ఆకాశం వైపు చూశాను. అప్పుడే పెద్దావిడ చెంబు నా చేతికిచ్చింది. "బాబూ, జెర మంచినీళ్ళు నింపుక రా. బండి మీద చల్లాలె. నా తెలివి మండ, పసుపు తెచ్చిన, మామిడాకులు తెచ్చిన, నీళ్ళు మర్సిన."

చెంబు తీసుకుని దుకాణంలోకి వెళ్ళాను. నీళ్ళ డ్రమ్ము పక్కనే అరలో షాంపూ సీసా ఉంది. దేవుడా, నేను ముందుగా అనుకుని చేసింది కాదు. ఆ సీసా నన్ను చూసింది, నేను దాన్ని చూశాను, అంతే. పూజనీళ్ళు పడితే బావ తుడవలేడు. తడి మీద పెడితే షీటు జారుతుంది, జారితే చెయ్యి వణికినా దిద్దుకోవచ్చు. నాలుగు చుక్కలే అనుకున్నాను. కంగారులో సీసా పిసికితే గరిటెడు పడింది. తీసే దారి లేదు. వేలితో కలిపి, పైన నురగ ఊదేసి, భక్తుడిలా రెండు చేతులతో తెచ్చి ఇచ్చాను.

"పెద్దమ్మా, అక్షరాలు పడే జాగల మంచిగ చల్లుండ్రి. శుభం," అని కూడా అన్నాను. ఈ కాలంలో ఇంత భక్తి ఉన్న మగవాణ్ణి చూసి ఆవిడ పొంగిపోయింది. చెంబులో చిటికెడు పసుపు వేసి, మామిడాకులు ముంచి, మంత్రంలా ఏదో అనుకుంటూ రేకు మీద చల్లింది. ఒకసారి కాదు, ఏడెనిమిదిసార్లు. అప్పటికే బావ షీటు సగం కాగితం ఒలిచి, జిగురు తగలకుండా పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. జిగురు మీద కూడా పడ్డాయి నీళ్ళు. బావ రెండో చేత్తో పొడి గుడ్డ తీయబోతే ఆవిడ గయ్యిమంది. "ఏయ్! గంగను తుడుస్తవా? బుద్ధుందా?"

అక్కడితో ఆగితే నా పాపం పండేది కాదు. ఆవిడ కోడలి నెత్తి మీద చల్లింది, బావ నెత్తి మీద చల్లింది, నా నెత్తి మీద రెండుసార్లు చల్లింది. చివరికి అరచేతిలో కాసిని పోసుకుని, కళ్ళకద్దుకుని, తీర్థంలా నోట్లో వేసుకుంది. ఆవిడ మొహం ఎన్ని వంకర్లు తిరగాలో అన్ని వంకర్లు తిరిగింది. తూ తూ అని ఊసి, "ఏందిది? నీళ్ళు సబ్బు లెక్కున్నయేంది?" అంది. పెదవి మూలన చిన్న బుడగ కూడా వచ్చింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, సరిగ్గా అలాగయింది. "చెంబు తోమినప్పుడు సబ్బు జెర ఉండిపోయిందేమో పెద్దమ్మా," అన్నాను. అనకూడని మాట అది. "నా చెంబా? చింతపండు వెట్టి తోమిన చెంబు! నా పెండ్లినాటి చెంబు! నా చెంబుకు సబ్బు తగిలిచ్చెటోడు ఇంక పుట్టలే!" అని మీది మీదికి వచ్చింది. కోడలు నవ్వు ఆపుకోలేక వ్యాన్ అవతలికి వెళ్ళి, నోరు పుక్కిలించడానికి అత్తకు నీళ్ళ సీసా పట్టుకొచ్చింది.

ఈ గోలలో నేను బావ వైపు చూశాను. పసుపు రేకు మీద నుంచి తెల్లటి నురగ మెల్లగా కారుతోంది. బావ ఆ నురగను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పట్టుబడ్డానని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అప్పటికి తొమ్మిదీ ఇరవై.

"అన్నా, టైమైతుంది," అంది కోడలు, నవ్వు తగ్గి భయం మొదలై. బావ ఒక నిట్టూర్పు విడిచి, నడుము టేపు పీకేసి, వెనక కాగితం మొత్తం ఒలిచేశాడు. "కొస వట్టు," అన్నాడు నాతో. ఇద్దరం షీటును తడి రేకు మీద ఆనించాం. ఆయన చెయ్యి అదిరింది. షీటు కూడా అదిరింది. కానీ ఎక్కడా కరుచుకోలేదు. వేలితో కాస్త నెడితే కిందికి వచ్చింది, కాస్త నెడితే పైకి పోయింది. బావ మోకాలి మీద కూర్చుని, ఒక కన్ను మూసి, రేకు మడత పక్కన గీతను నిలబెట్టాడు. నడుమ నుంచి అంచులకు పట్టీ గీశాడు. పసుపు నీళ్ళు, నురగ కలిసి మడమల దాకా కారాయి. లేచి పది అడుగులు వెనక్కి వెళ్ళి చూశాడు. నేను కూడా చూశాను. దారం పట్టినట్టుంది.

పెద్దావిడ మాత్రం టేపు ఇప్పుడే తీయాలని పట్టుబట్టింది, ముహూర్తం దాటిపోతుందని. అది ఆరేదాకా తీయకూడదు. నేను నోరు తెరిచేలోగా బావే జవాబు చెప్పాడు. "పెండ్లిల ముహూర్తం తాళి కట్టుడుకే గదమ్మా. బువ్వ బంతికి గాదు గద?" ఆవిడ ఆలోచించి, అది నిజమేనని ఒప్పుకుని, నీడలో కుర్చీ వేయించుకుని చెంబును చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. నా వైపు చూసినప్పుడల్లా చెంబును కాస్త దగ్గరికి లాక్కుంటోంది.

ఆరడానికి గంట పడుతుంది. బావ నన్ను సందు చివర చాయ బండి దగ్గరికి తీసుకుపోయాడు. తిట్లు తినడానికి సిద్ధంగా వెళ్ళాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. నేను అలవాటుగా తల పక్కకు తిప్పుకున్నాను.

"ఇటు జూడు," అన్నాడు. చూశాను.

"షాంపూ వోసినవని నాకు కోపం లేదు రా. ముసలమ్మకు సబ్బు దాగిచ్చినవు, గది నీ పాపం, నువ్వే మొయ్యి. నా చెయ్యి వణుకుతుందని నాకు దెల్వదా? పొద్దుగాల బొత్తాలు వెట్టుకునేది నేనే గద. దానికి నేను అంత పరేషాన్ గాలే." గ్లాసు బల్ల మీద పెట్టాడు. అది కాసేపు గలగలమంది. "గాని నువ్వు నన్ను ఒక్క మాట సుత అంటలేవు. మూడు నెలలాయె. చాయ ఒలికితే తుడుస్తున్నవు. పనులు దాచిపెడుతున్నవు. బావా బావా అని దవఖానల రోగిని జూసినట్టు జూస్తున్నవు. నువ్వు ఎక్కిరించుడు ఎప్పుడు బంద్ జేసినవో, గప్పుడు అనుకున్న, ఇగ నా పని అయిపోయిందని."

నేను మర్యాద అనుకున్నది ఆయనకు రోజూ ఒక్కొక్క చీటీలా అందుతోందన్నమాట, నీ పని అయిపోయింది, నీ పని అయిపోయింది అని. అక్క చెప్పిన భయం కంటే, ఆ కారు కుర్రాడి "పర్వాలేదు అంకుల్" కంటే, నేనే ఆయన్ని ఎక్కువ కుంగదీశాను. నాకు నా మీద ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. చాయ బండి ముందు నలభై ఏడేళ్ళ మనిషి ఏడిస్తే బాగుండదని బిస్కెట్ నోట్లో కుక్కుకున్నాను.

"తప్పయింది బావా," అన్నాను, బిస్కెట్ నములుతూనే.

"తప్పు గిప్పు నాకెందుకు రా," అన్నాడు. "నడువ్. రెండో దిక్కు ఉంది."

తిరిగి వచ్చాక మొదటి వైపు టేపు ఒలిచాం. ఒక్క అక్షరం కూడా లేవలేదు. కోడలు ఫోన్ తీసి అయిదారు ఫోటోలు తీసుకుంది. రెండో వైపుకు ముహూర్తం బాధ లేదు, పూజ బాధ లేదు. పొడిగానో తడిగానో, ఎలా వేయాలన్నది బావ ఇష్టం. నేను ఏమీ సలహా ఇవ్వలేదు. షీటు విప్పి కొస పట్టుకుని నిలబడ్డాను. బావ రేకు తుడిచి, దాని వంక చాలాసేపు చూసి, చివరికి నా వైపు తిరగకుండానే చెయ్యి చాచాడు.

"ఆ సబ్బునీళ్ళ బుడ్డి ఇటియ్యి," అన్నాడు. "గరిటెడు గాదు. నాలుగే సుక్కలు. దునియల ఎవ్వడన్న నురగ మీద రేడియం ఏస్తడా?"

ఇచ్చాను. చిలకరించాడు. ఇద్దరం షీటు పెట్టాం, జరిపాడు, కన్ను మూసి చూశాడు, కుదిరింది. పట్టీ తీసుకుని నడుమ నుంచి గీయడం మొదలుపెట్టాడు. మొదటి గీతకే చెయ్యి గట్టిగా వణికింది. పట్టీ రేకు మీద టకటకమంది. కోడలు ఒక అడుగు ముందుకు వేసింది. కుర్చీలో పెద్దావిడ కూడా లేచి నిలబడింది. బావ ఆగిపోయాడు. ఆ పట్టీ ఇప్పుడు కింద పెట్టాడంటే మళ్ళీ తీసుకోడని నాకు తెలుసు.

"అరె, ఎందుకాపినవ్ బావా?" అన్నాను. "నువ్వు వణుకుతుంటే బుడగలు వాటంతటవే బయటికి ఉరుకుతున్నయి. జెర గట్టిగ వణుకు, జల్దీ అయిపోతది."

కోడలు నన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూసింది. బావ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మొదట నాకూ భయమేసింది. తర్వాత ఆయన తల వెనక్కి వాల్చి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు. నవ్వుతూనే పట్టీని మళ్ళీ రేకుకు ఆనించి రెండో గీత గీశాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. నీళ్ళు బయటికి వస్తూనే ఉన్నాయి.

"నీ తెలివికి దండం రా బామ్మర్ది," అన్నాడు, మూడో గీత గీస్తూ. "నోరు మూసుకోని ఆ కొస సక్కగ వట్టుకో."

కొస చక్కగానే పట్టుకున్నాను. నోరు మాత్రం ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా మూసుకోలేదు.